లోపల ఎంతమంది

మిచెరె చేతులు ఇంకా సబ్బు నురగలో ఉండగానే ఫోను గుర్రుమంది. తొంగిచూస్తే అందులో ఒకటే ముక్క: "గేటు కదిలింది."

కదలడమేమిటి, దాని మొహం! ఆ గేటును పొద్దున తనే మూసింది. నైరోబీ శివారులో తానుండే మేడ పైకెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, టీ చప్పరిస్తూ, ఎక్కడో కిరిన్యాగా కొండల కింద ఉన్న ఇనప తలుపును కిందికి దించేసింది. ఆ తలుపు పక్కన సోలార్ పలకలతో నడిచే పెట్టె ఒకటుంటుంది. ఫోనులో వేసినట్టే దానికీ ఒక సిమ్ వేశారు. ఇంటర్నెట్‌లో ఇక్కణ్ణించి ఎంత ఎత్తమంటే అంత ఎత్తుతుంది, దించమంటే దించుతుంది, గేటు కదిలితే ఫోనుకు కబురూ పంపుతుంది. దేశమంతటా ఇలాంటి పెట్టెలు పెట్టి, వాటి మంచీ చెడ్డా దూరాన్నించే చూసుకునే చిన్న కంపెనీలో మిచెరె ఉద్యోగం. మిగతా పెట్టెలన్నీ ఆమెకు ఉద్యోగమే గాని, ఈ ఒక్కటి మాత్రం సొంత ఊరి కాలువది.

పైగా ఆ రోజు కాలువ పూడిక తీసే రోజు. నాట్లకు ముందు నీళ్లు కట్టేసి, ఇంటికొకరు చొప్పున పార పట్టుకుని కాలువలోకి దిగుతారు. పెద్ద రోడ్డు వచ్చిన చోట కాలువ ఒక సొరంగంలో దూరి అవతల తేలుతుంది. అందులో నడుం వంచి నడవాలి, మోకాళ్ల దాకా బురద, చెయ్యి చాచితే చెయ్యి కనబడదు. అక్కడికి వచ్చేసరికి మగాళ్లకు ఎక్కడలేని నడుంనొప్పులూ పుట్టుకొస్తాయి. మిచెరె తల్లి వకుతీ మాత్రం ఏటా అందరికంటే ముందు దూరుతుంది, పాట పాడుకుంటూ. ఆమె మడి సొరంగానికి అవతల, కాలువ చిట్టచివర ఉంది మరి. సొరంగం పూడుకుపోతే ఊరందరికీ నీళ్లుంటాయి, ఒక్క ఆమెకు తప్ప. ఆ పనికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆఖరి మనిషి సొరంగంలోంచి బయటికొచ్చేదాకా గట్టు మీద కాలుతున్న మేకను ఎవరూ ముట్టకూడదు.

మిచెరె చేతులు గౌనుకు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. గేటు మూసే ఉంది. హమ్మయ్య అనుకోబోయి, కింద ఉన్న వరసలు చూసి ఆగిపోయింది. ఎవరో గేటును వేలెడంత ఎత్తారు. మళ్లీ దించారు. మళ్లీ ఎత్తారు, మళ్లీ దించారు. పసిపిల్లలు గదిలో లైటు వేసి ఆర్పినట్టు!

వెంటనే ఆఫీసు పెద్ద గిచోబికి ఫోను చేసింది. అతను ఏదో పెళ్లి మాటల్లో పెద్దమనిషిగా కూర్చుని ఉన్నాడు. వెనక ఆడవాళ్ల కిలకిలలు వినబడుతున్నాయి.

"సార్, ఊరి గేటు మీరేమైనా కదిపారా?"

"నేనా? ఇక్కడ పిల్లనిస్తారా ఇవ్వరా అని మా ప్రాణాలు పోతుంటే నీ గేటు ఎవడిక్కావాలి తల్లీ?"

"మరి పెద్ద పాస్‌వర్డ్‌తో ఎవరో లోపలికొచ్చారు."

"ఏదో తేడా చేసి ఉంటుందిలే. సిగ్నల్ గోల. సోమవారం చూద్దాం."

సోమవారమట! మిచెరెకు ఒళ్లు మండింది. ఆ పెద్ద పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? గిచోబి పెద్దకొడుకు పేరు. దేశంలో ఉన్న అన్ని పెట్టెలకూ అదొక్కటే. పైగా ప్రపంచంలో ఏ మూలనుంచైనా పెట్టె తలుపు తట్టేలా ఉంచమన్నదీ ఆయనే. ఏ విందులోనో కూర్చుని ఫోను తీసి, "చూడండి, ఇక్కణ్ణించి అక్కడ నీళ్లు వదులుతాను" అని చూపించుకోవాలని ఆయన సరదా. ఇది మంచిది కాదని మిచెరె ఒకసారి అంది, రెండుసార్లు అంది, తర్వాత ఊరుకుంది. ఎందుకు దాచాలి, మేడ మీద బట్టలుతుక్కుంటూ ఉద్యోగం చేసుకోవడం ఆమెకూ హాయిగానే ఉంది.

అంతలో తల్లి ఫోను.

"ఏమమ్మా, నీ గేటు కారుతోందేమిటి? కాళ్ల కింద సన్నగా నీళ్లొస్తున్నాయి. చదివించి ఉద్యోగం వేయిస్తే ఇదా నువ్వు తలుపు వేసే తీరు?"

వకుతీ కూతుర్ని 'అమ్మా' అనే పిలుస్తుంది. ముద్దుకు కాదు. రెండో ఆడపిల్లకు అమ్మమ్మ పేరు పెట్టడం వాళ్లలో రివాజు. తన తల్లి పేరు పెట్టుకున్న పిల్లను పేరు పెట్టి ఎలా పిలుస్తుంది? చిన్నప్పుడు అన్నం తినకపోతే కూడా "మా అమ్మ అలిగింది" అనే ఊరంతా చెప్పేది.

"అమ్మా, నువ్వెక్కడున్నావు?"

"సొరంగం మూతి దగ్గర. లోపల సగం తీశాం. మిగతా వాళ్లు ఊపిరాడక బయటికొచ్చారు, పిరికి సన్నాసులు."

"ఎవర్నీ లోపలికి వెళ్లనీకు. అందర్నీ గట్టెక్కించు. ఇప్పుడే."

"ఎందుకే?"

"గేటుతో ఎవరో ఆడుకుంటున్నారు. చెప్తాగా, ముందు ఎక్కించు!"

"సరే అమ్మా, సరే. నువ్వు దిగమంటే దిగుతాను, ఎక్కమంటే ఎక్కుతాను. ముసలి ప్రాణం, ఎన్నిసార్లు ఎక్కిదిగమంటావో లెక్క చెప్పి పంపు" అని నవ్వుతూ పెట్టేసింది.

కొండ మీద వారం రోజులుగా ముసురు. గేటు వెనక నీళ్లు అంచు దాకా నిండి ఉన్నాయని తెర మీద ఎర్రగా కనబడుతూనే ఉంది. గేటుకూ సొరంగానికీ మధ్య మైలు దూరం కూడా లేదు. పూర్తిగా ఎత్తితే ఆ నీళ్లు సొరంగం కప్పు దాకా నిండుకుని పోతాయి. లోపలున్నవాళ్లకు తల తిప్పే వ్యవధి కూడా ఉండదు. మిచెరె ఆ ఆలోచనను అక్కడే ఆపేసి, గేటు కాపలాదారు మురాగెకు చేసింది.

"మురాగె బాబాయ్, గేటు దగ్గరే ఉన్నావా?"

"గేటు దగ్గర నాకేం పని? చేత్తో తిప్పే చక్రం మీ కంపెనీ వాళ్లే పీక్కుపోయారుగా. మేక దగ్గరున్నాను. దీనికైనా నా అవసరం ఉంది."

"బాబాయ్, వేళాకోళం కాదు. వెంటనే వెళ్లి పెట్టె తెరిచి బ్యాటరీ తీగ పీకెయ్యి."

"వద్దు వద్దన్నా తెచ్చిపెట్టారు, ఇప్పుడు పీకమంటారు. సరేలే, మోటార్‌సైకిల్ ఎవడిదైనా దొరుకుతుందేమో చూస్తాను."

మిచెరె మళ్లీ తెర వైపు తిరిగింది. పైన 'గేటు-1' అని ఉండే పేరు మారిపోయింది. అక్కడ ఇప్పుడు 'ఎవరు?' అని ఉంది.

అంటే వాడికీ తెలిసిపోయింది, లోపలికి ఇంకొకరు వచ్చారని. ఒక ఇనప పెట్టెలో ఇద్దరు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. వాడు ఏ దేశంలో, ఏ గదిలో, ఏం తింటూ కూర్చున్నాడో దేవుడికెరుక. ఈ తలుపు దేని తలుపో కూడా వాడికి తెలియకపోవచ్చు. తెలిస్తే మానుకుంటాడేమోనన్న ఆశ పుట్టింది ఆమెకు. మనిషే కదా! పేరు చెరిపి, అదే చోట రాసింది: 'ఇది నీళ్ల గేటు. కింద మనుషులున్నారు. ముట్టుకోవద్దు.'

పక్క మేడ మీద ఎవరో రేడియో పెద్దది చేశారు. మిచెరె తెర మీదనుంచి కళ్లు తియ్యలేదు.

పేరు మారింది. 'ఎంతమంది?'

అంతే రాశాడు. ఇది తెలియక తిరుగుతున్నవాడి ప్రశ్న కాదు. వీణ్ణి బతిమాలడం దండగ, గెంటెయ్యాల్సిందే.

ఇలాంటి పని చేసేవాళ్లకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. దూరాన్నించి తలుపు తాళం మార్చేటప్పుడు ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా తామే బయట పడిపోతారు. మిచెరెకు ఆ అనుభవం అయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాన మార్సాబిత్ ఎడారిలో ఉన్న ఒక బోరు పెట్టె నుంచి తనను తానే గెంటేసుకుంది. ఒక్క బటన్ నొక్కడానికి దుమ్ములో బస్సెక్కి అంత దూరం పోయి రావలసివచ్చింది. తిరిగొచ్చాక ఆఫీసులో వాళ్లు ఊరుకుంటారా? "బటన్ తల్లి వేంచేసింది, కాళ్లకు నీళ్లివ్వండి" అని నెల్లాళ్లు ఏడిపించుకుతిన్నారు. అప్పట్నించి ఆఫీసులో ఒక నియమం పెట్టారు. తాళం ముట్టుకునే ముందు పెట్టెకు ఒక గడువు చెప్పాలి: "పావుగంట తర్వాత నీ అంతట నువ్వు ఆగిపోయి మళ్లీ లే, లేచి పాత తాళమే పెట్టుకో" అని. పొరపాటున బయట పడిపోతే పావుగంట ఓపిక పడితే చాలు, పాత తలుపు తెరుచుకుంటుంది. పని సవ్యంగా జరిగితే మాత్రం గడువు రద్దు చేసెయ్యాలి. దీన్ని వాళ్లు తాడు కట్టడం అంటారు, బావిలోకి దిగేవాడు నడుముకు కట్టుకున్నట్టు. ఎవరు తాళం మార్చబోయినా పక్కనున్నవాడు అడిగే మొదటి మాట, "తాడు కట్టావా?"

మిచెరె తాడు కట్టింది. ఆలోచించి కట్టింది కాదు, వేళ్లు వాటంతటవే కట్టేశాయి. తర్వాత పెద్ద పాస్‌వర్డ్ మార్చింది. తన ఇంటి ఇంటర్నెట్ నుంచి తప్ప ఇంకెక్కణ్ణించి తట్టినా తలుపు పలకకూడదని రాసింది. దేవుడా అనుకుని బటన్ నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లబోయి మళ్లీ వచ్చింది. తాను లోపలే ఉంది. వాడు లేడు. లోపలున్నవాళ్ల వరసలో ఒక్కటే పేరు, అది తనది. గేటు మూసే ఉంది. బయటినుంచి ఎవరో మళ్లీ మళ్లీ తలుపు తడుతున్నట్టు వరసలు పడుతున్నాయి. ప్రతి వరస పక్కనా 'వీలు లేదు' అని వస్తోంది.

"తట్టుకో నాయనా, తట్టుకో, చేతులు అరిగేదాకా!" అని పైకే అంది మిచెరె. పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. 'ఎంతమంది?' అన్న పేరును చెరిపేసి 'గేటు-1' అని రాసింది.

ఆ తర్వాత చెయ్యవలసింది ఒక్క చిన్న పని. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, ఏమైంది? ఇక్కడ ఎండ మాడుస్తోంది. మేక చల్లారిపోతోందని మగాళ్లు నన్ను పీక్కుతింటున్నారు. సొరంగం అవకుండా ముక్క తెగదు కదా! ఇవాళ వదిలేద్దాం, రేపు చూద్దాం అంటున్నారు. రేపు ఒక్కడూ రాడు, నాకు తెలుసు. నా మడి ఎండిపోతుంది."

"అయిపోయిందమ్మా, వాణ్ణి గెంటేశాను! తాళం మార్చేశాను. ఇంక వాడి బాబు తరం కూడా కాదు."

"నిజంగానా? దిగమంటావా?"

"దిగు. ఏం భయం లేదు."

"అదీ మాట! మా అమ్మ చెప్పిందంటే చెప్పిందే" అని వకుతీ అటు తిరిగి ఎవరినో కేకేసింది. "లేవండర్రా, మీసాలున్నవాళ్లూ లేనివాళ్లూ!"

మిచెరె నవ్వుకుంటూనే మురాగెకు చేసింది. అతను ఎవరిదో మోటార్‌సైకిల్ దొరికించుకుని బయల్దేరుతున్నాడట.

"అక్కర్లేదు బాబాయ్, సర్దేశాను. వెనక్కి వెళ్లి మేక చూసుకో."

"ఓరి నాయనో! పీకమంటావు, వద్దంటావు. నువ్వు అచ్చం మీ అమ్మకు అమ్మవే."

గిచోబికీ చేసి చెప్పింది. చెప్పిందేమిటి, ఉన్న కసంతా తీర్చుకుంది. అతను విందు మధ్యలో లేచి బయటికొచ్చి మరీ విన్నాడు. "శభాష్ మిచెరె, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం" అన్నాడు. ఆ మాట ఆమె చెవులకు తియ్యగా తగిలింది. సోమవారం వెళ్లగానే అన్ని పెట్టెలకూ తాళాలు మారుద్దామంది. అలాగేనన్నాడు. సరదాగా ఇంకా ఏదో అడిగాడు కూడా, "తాడు కట్టే చేశావా లేక..." అని. ఇంతలో లోపలినుంచి పెళ్లివాళ్లు పిలిచారు, పెట్టేశాడు.

ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మిచెరె బకెట్ దగ్గరికి వెళ్లి దుప్పటి పిండింది. తీగ మీద పరిచి, క్లిప్పులు పెట్టి, ముడతలు లాగింది. గాలికి దుప్పటి మొహాన కొడుతుంటే చల్లగా ఉంది. ఈ నెలాఖరుకు ఊరెళ్లాలి, అమ్మ వండిన ముకీమో తినాలి అనుకుంది. తాడు కట్టే చేశావా అని అడుగుతాడేమిటి, నేనేమన్నా కొత్తదాన్నా? కట్టే చేశాను.

కట్టాను.

చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది. విప్పలేదు.

బకెట్ తన్నుకుని, తడి నేల మీద జారి, మోకాలు చితికినా లేచి ట్యాంకు దగ్గరికి పరిగెత్తింది. తెర మీద గుండ్రం తిరుగుతోంది. పెట్టె తన అంతట తాను ఆగిపోయింది. మాట విన్నది పాపం, చెప్పినట్టే చేసింది. ఇప్పుడు లేస్తుంది, లేచి పాత తాళమే పెట్టుకుంటుంది.

"రా, రా, రా, ముందు నేను, ముందు నన్ను రానీ" అంటూ మిచెరె బటన్ నొక్కుతూనే ఉంది. తలుపు తెరుచుకుంది. పాత పాస్‌వర్డ్ కొట్టింది, గిచోబి కొడుకు పేరు. లోపలికి వెళ్లింది.

లోపలున్నవాళ్ల వరసలో రెండు పేర్లున్నాయి. బయట తడుతూ కూర్చున్నవాడు ఒక్క క్షణం కూడా మానలేదు కదా!

'గేటు-1' చెరిగిపోయింది. ఆ చోట ఒక్కో అక్షరం కాదు, వాక్యం మొత్తం ఒక్కసారిగా వచ్చింది: 'ఎంతమంది అని అడిగాను.'

గేటు లేవడం మొదలైంది. మిచెరె దించమంది. వాడు ఎత్తమన్నాడు. ఆమె దించమంది. కాస్త దిగి, మళ్లీ లేచింది. తర్వాత తెర తెల్లబోయింది, 'మీకు ఇక్కడికి ప్రవేశం లేదు' అని వచ్చింది. తాను చేసిన పనే వాడు చేశాడు. తాళం మార్చి తలుపు వేసుకున్నాడు. తను బయటి నుంచి ఎంత తట్టినా 'వీలు లేదు' అనే వరసలే వాడికి కనబడుతూ ఉంటాయి.

మిచెరె తల్లికి ఫోను చేసింది. మోగుతోంది. ఎత్తరే! మోగి మోగి చివరికి ఎవరో ఎత్తారు. పక్కింటి వరూగురు.

"అమ్మేదీ? వరూగురు అత్తా, అమ్మేదీ?"

"ఎక్కడుంటుందే, సొరంగంలో. తడుస్తుందని ఫోను నా చేతిలో పెట్టి పోయింది. వీళ్లెవరూ ముందు కదలలేదే తల్లీ, అనుమానంగా నిలబడ్డారు. మీ అమ్మ తిట్టిపోసింది. 'మా అమ్మ దిగమంది, ఇంకేం భయం మీకు' అని తనే ముందు దూరింది. అప్పుడు కదిలారు సిగ్గుపడి. ఇదిగో, పాట వినబడుతోందా? ఉండు, మూతి దగ్గర పెడతాను."

వినబడింది. చిన్నప్పట్నించీ వింటున్న గొంతే, రాతి గోడల మధ్య బోలుగా మోగుతూ, వెనక ఎవరెవరో వంత పాడుతూ.

"బయటికి పిలువు! అత్తా, అందర్నీ బయటికి పిలువు, నీళ్లొస్తున్నాయి!"

"ఏమిటీ? గట్టిగా చెప్పు, వినబడ్డంలేదు. పైన ఏదో చప్పుడు. రోడ్డు మీద లారీ వస్తున్నట్టుంది."

"అది లారీ కాదత్తా!" మిచెరె గొంతు చీలిపోయేలా అరిచింది. "లోపల ఎంతమంది? అత్తా, ఎంతమంది లోపల?"

ఫోను గట్టు మీద పడిపోయినట్టుంది. వకుతీ, వకుతీ అని వరూగురు అరుస్తూ పరిగెడుతున్న అడుగుల చప్పుడు దూరమైంది. పాట ఇంకా కాసేపు వినబడింది.